చెంబుల సారు

పోయిన నెల ఒక పెళ్లికి హైదరాబాదు వెళ్లాను. ముహూర్తానికి ఇంకా మూడు గంటలుంది. బయట ఎండ మండిపోతోంది. పక్కనే ఏదో ప్రదర్శనశాల కనిపిస్తే ఫ్యాన్లుంటాయన్న ఆశతో లోపలికి వెళ్లాను. ఫ్యాన్లున్నాయి, తిరగడం లేదు. విగ్రహాలు, కత్తులు, నాణేలు దాటుకుంటూ పోతుంటే ఒక అద్దాలపెట్టెలో ఇత్తడి చెంబు కనిపించి కాళ్లు ఆగిపోయాయి. కింద అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: "పరివర్తన దశలోని చెంబు. గుండ్రటి అడుగు క్రమక్రమంగా చదునైన అడుగుగా పరిణమించిందనడానికి అపురూపమైన నిదర్శనం. సుమారు నూటయాభై ఏళ్ల నాటిది."

ఆ అడుగు నూటయాభై ఏళ్ల నాటిది కాదు. ఐదేళ్ల కిందట సంగారెడ్డిలో, మా ఇంటి పెరట్లో, మా ఆవిడ పసుపు దంచుకునే రోకలితో కొడితే అలా అయింది. కొట్టినవాళ్లం ఇద్దరం. నేనొకణ్ని.

రెండో ఆయన గురించి అక్కడి గుమాస్తాను అడిగాను.

"సంగారెడ్డిల పన్జేసిన సారా? సచ్చిపోయిండు గదా, రెండేండ్లాయె" అన్నాడతను పేపరు మీంచి తలెత్తకుండా. "జెర పిచ్చి ఉండె ఆయనకు."

పెళ్లిలో భోజనానికి కూర్చున్నాను గానీ మనసంతా ఆ పిచ్చి మీదే ఉంది. సారు ఇలాంటి పంక్తిలో కూర్చుంటే ముందు తన ముందున్న కంచం ఎత్తి అడుగు చూసేవాడు. తర్వాత పక్కవాడి కంచం ఎత్తి చూసేవాడు. అప్పటికే అందులో పప్పు పడి ఉంటే పక్కవాడితో గొడవయ్యేది. ఎవరైనా గ్లాసుతో మంచినీళ్లిస్తే దాన్ని తలకిందులు చేసేవాడు. అందులో నీళ్లున్న సంగతి ఆయనకు చొక్కా తడిశాక తెలిసేది.

ఆయన పురావస్తు తవ్వకాల ఆఫీసులో చిన్న ఉద్యోగి. అదీ టెంపరరీ. పదకొండేళ్ల నుంచి టెంపరరీ. బజారులో మాది గిన్నెల దుకాణం, వెనకే ఇల్లు. అప్పుడప్పుడే పటాన్‌చెరువు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. నెల జీతం వచ్చే ప్రతి ఇంటికీ స్టీలు కావాలి. పాత ఇత్తడి తెచ్చి మాకు పడేసి, తళతళలాడే స్టీలు డబ్బాలు పట్టుకుపోయేవారు. మా దుకాణం వెనక ఇత్తడి కుప్ప పెరుగుతూ ఉండేది. సారు ఆ కుప్ప కోసం వచ్చేవాడు. గడప దాటగానే చెప్పులు విడిచేవాడు, గుళ్లోకి వచ్చినట్టు.

"చూడండి శెట్టిగారూ" అనేవాడు. ఆయనది కోస్తా వైపు. ఇక్కడ నన్ను అందరూ సేటు అంటారు, శెట్టిగారూ అన్నది ఆయనొక్కడే. "ఈ చెంబు ఆకాశంలోంచి ఊడిపడలేదు. దీనికో తల్లి ఉంది. కంచరి తండ్రి చేసిన చెంబును చూసి కొడుకు చేస్తాడు. చేసేటప్పుడు ఎక్కడో చిన్న తేడా వస్తుంది. మెడ కాస్త సాగుతుంది, అంచు కాస్త వంగుతుంది. ఆ తేడా జనానికి పనికొస్తే అలాంటివే మళ్లీ మళ్లీ పుడతాయి. పనికిరాకపోతే ఆ వంశం అక్కడితో సరి. కోతి నుంచి మనిషి ఎలా వచ్చాడో కుండ నుంచి చెంబు అలాగే వచ్చింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. తరతరాలుగా, తెలియకుండా, దానంతటదే జరిగింది."

"మరి ఏది ఉండాల్నో, ఏది పోవాల్నో ఎవరు జెప్తరు సారు?"

"మీరే! అమ్ముడుపోయేవే తెప్పిస్తారు కదా. జీవుల్లో ప్రకృతి చేసే పనిని చెంబుల్లో మీరు చేస్తున్నారు. మీరే ప్రకృతి!"

లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "ప్రకృతి జెర జల్దీ వస్తే మంచిగుంటది, అన్నం సల్లారుతుంది."

ఇప్పటికీ, నేను ఏ సరుకైనా తేవడం మర్చిపోతే ఆమె నన్ను ప్రకృతి అనే పిలుస్తుంది.

సారుకు చెంబులన్నీ బంధువులే. ఇది దానికి మేనత్త అనేవాడు. అదుగో ఆ మూలది వీళ్లింటి నుంచి విడిపోయిన పాయ అనేవాడు. స్టీలు క్యారియరును మాత్రం ఊరూ పేరూ లేనిదని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. జేబులో ఎప్పుడూ కొలతలు తీసే ఇనుప కాలిపరు ఉండేది. అంగట్లో నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకావిడ వెనక వెళ్లి బిందె మెడ కొలవబోయాడు. కాలిపరు చల్లగా ఆమె చెవికి తగిలింది. ఆ రోజు సారుకు తిట్లతో సరిపోయింది. ఆమె తిడుతున్నంతసేపూ ఆయన పుస్తకంలో కొలత రాసుకుంటూనే ఉన్నాడు.

ఒకసారి పటేల్‌గూడ దగ్గర ఫ్యాక్టరీ కోసం నేల చదును చేస్తుంటే రాళ్ల వలయాలు బయటపడ్డాయి. మావాళ్లు వాటిని రాకాసి గుళ్లంటారు, కానీ నిజానికి అవి ఎప్పటివో సమాధులు. కాంట్రాక్టరు సారుకు మూడు రోజులు గడువిచ్చాడు. "మీ బొందలు మీరు తీస్కోండ్రి సారు, మా నేల మేం తీస్కుంటం" అన్నాడు. ముందు సారు, వెనక బుల్డోజరు. ఆ మూడు రోజుల్లో ఆయన గంపెడు కుండలు బయటికి తీశాడు. అన్నీ గుండ్రటి అడుగువే.

అప్పట్నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. పాతకాలం పాత్రలన్నీ గుండ్రటి అడుగువి, మట్టి నేల మీద చిన్న గుంత చేసి పెట్టుకునేవి. ఇప్పటివన్నీ చదునైన అడుగువి, గచ్చు మీద నిలబడేవి. మరి ఈ రెంటికీ నడుమ, సగం గుండ్రంగా సగం చదునుగా ఉండేది ఒకటి ఎక్కడో ఉండి తీరాలి. అది దొరికితే ఆయన సిద్ధాంతానికి తిరుగుండదు.

అది మా ఇత్తడి కుప్పలోనే దొరికింది. ఒకరోజు పొద్దున సారు కుప్పలో సగం దూరి వెతుకుతూ ఉన్నట్టుండి అరిచాడు. తేలు కుట్టిందేమోనని పరుగెత్తాను. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఒక చెంబును పట్టుకుని ఉన్నాడు. ఒళ్లంతా గుండ్రం, అడుగు మాత్రం కాస్త అణిగి ఉంది.

"శెట్టిగారూ, నూటయాభై ఏళ్ల మార్పు ఇక్కడ నా చేతిలో ఆగిపోయి ఉంది" అన్నాడు. కళ్లలో నీళ్లు.

చెంబు ఆయన ఆఫీసుకు చేరింది. తెల్లరంగుతో దానిమీద నంబరు పడింది. దాని గురించి సారు నలభై పేజీల వ్యాసం రాశాడు. హైదరాబాదులోని పెద్దాఫీసరు ఆ వ్యాసం తెప్పించుకుని మొదట తన పేరు, కింద సారు పేరు వేయించాడు. ఆ పెద్దాఫీసరు గురించి ఒక్క మాట చెప్పాలి. మంత్రులు మారారు, ప్రభుత్వాలు మారాయి, ఆయన కుర్చీ మారలేదు. వ్యాసం మీద ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "చెంబు బొమ్మ రంగుల్లో వేయొచ్చా?" సంగారెడ్డిలోనే పండితుల సభ పెట్టారు. సభ అయ్యాక సారు ఉద్యోగం పర్మినెంటు చేస్తామని మాటిచ్చారు.

సభకు పది రోజులుందనగా మా దుకాణానికి యాదమ్మ అనే ఆవిడ వచ్చింది. పటేల్‌గూడలో కిరాయి గదిలో ఉంటారు, పెనిమిటి ఫ్యాక్టరీలో హెల్పరు. చేతిలో గుడ్డలో చుట్టిన స్టీలు డబ్బా ఉంది.

"సేటూ, గీ డబ్బా నువ్వే తీస్కో. పోయినేడు నేనిచ్చిన ఇత్తడి చెంబు నాకు వాపస్ ఇయ్యి."

"ఏమైందమ్మా?"

"మా అత్త ఊర్లకెల్లి ఈడికొచ్చింది. చెంబేది అన్నది. ఇచ్చి డబ్బా తెచ్చుకున్న అన్న. అది వాళ్లమ్మ ఇచ్చిన చెంబట. మూడు దినాల సంది ముద్ద ముడ్తలేదు. పరేషాన్ జేస్తుంది సేటూ."

"ఎట్లుంటది చెంబు?"

"అడుగు జెర అణిగి ఉంటది."

సారు నంబరు వేసిన చెంబు అదే. ఆమెను వెంటబెట్టుకుని కచేరీ వెనకున్న సారు ఆఫీసుకు వెళ్లాను. ఈ చెంబు వీళ్లింటిదేనని చెప్పగానే సారు లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. తను నిలబడి పుస్తకం తెరిచాడు.

"అమ్మా, ఈ అడుగు ఇలా చదునవడానికి నా అంచనా ప్రకారం నూటయాభై ఏళ్లు పట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు దీని గురించి ఏమైనా చెప్పేవారా?"

యాదమ్మ నా వైపు చూసింది. "ఏమంటుండు సేటూ?"

"చెంబు అడుగు అట్లెట్లయిందని అడుగుతుండు."

"నేనే జేసిన" అంది యాదమ్మ. "ఊర్ల ఉన్నప్పుడు గుండ్రంగనే ఉండె. ఈడికొచ్చినంక గచ్చు మీద నిలవడకపాయె. అటు దొర్లె, ఇటు దొర్లె. ఒకదినం నీళ్లన్ని బొంతల మీద పడ్డయి. కోపమొచ్చి, బోర్లేసి రోకలిబండతోని ఒక్కటేసిన."

"ఎన్ని దెబ్బలమ్మా?" అడిగాడు సారు.

"ఒక్కటే సారు. రెండోది ఏస్తే పల్గుతుండె."

సారు పుస్తకంలో 'ఒక్క దెబ్బ' అని రాసుకోవడం నేను చూశాను. దాని కింద రెండు గీతలు గీశాడు. తర్వాత చెంబు ఇవ్వలేనని ఆమెకు చెప్పాడు. దానికి నంబరు పడింది, రిజిస్టరులో ఎక్కింది, ఇప్పుడది సర్కారుది.

"మా అత్త పానం పోతే గా నంబరొచ్చి ఏడ్తదా సారు?" అంది యాదమ్మ.

ఆ మర్నాడు సారు చెంబు సంచిలో పెట్టుకుని హైదరాబాదు వెళ్లి పెద్దాఫీసరును కలిశాడు. చెంబు సంగతి చెప్పాడు. వ్యాసం మార్చి రాస్తానన్నాడు. చెంబు ఆమెకు తిరిగి ఇచ్చేందుకు అనుమతి అడిగాడు. పెద్దాఫీసరు ఓపిగ్గా విన్నాడట. "ఆహ్వానాలు అచ్చయిపోయాయి. వాటిమీద చెంబు బొమ్మే ఉంది. ఈ ఏడాదికి ఇలా కానిద్దాం. నిజం సంగతి వచ్చే ఏడు చూద్దాం" అన్నాడట.

బస్సు దిగి సారు నేరుగా మా దుకాణానికే వచ్చాడు. మధ్యాహ్నం, తలుపులు సగం మూసి ఉన్నాయి. ఆయన సంచిలోంచి ఆ చెంబు తీసి నా ముందు పెట్టాడు.

"చెంబులకు పిల్లలు పుట్టరు శెట్టిగారూ. మనుషులకు చేతులుంటాయి, విసుగుంటుంది. నేను నలభై పేజీల్లో మట్టిని లెక్కలోకి తీసుకున్నాను, నేలను తీసుకున్నాను, కాలాన్ని తీసుకున్నాను. ఆవిడ విసుగును తీసుకోలేదు." చెంబు అడుగును వేలితో తడిమి అడిగాడు, "మీ కుప్పలో ఇంత సైజుదే గుండ్రటి చెంబు ఉందా?"

ఉంది. మూడున్నాయి. మా ఆవిడ పసుపు రోకలి ఇవ్వనంది. యాదమ్మ అత్త సంగతి చెప్పాక ఇచ్చింది. మొదటి చెంబు సారు కొట్టిన నాలుగో దెబ్బకు పగిలింది. రెండోది నేను కొడితే పళ్లెంలా అయింది. మూడోదాన్ని వంతులవారీగా కొట్టాం. అన్నీ కలిపి పద్నాలుగు దెబ్బలు పట్టింది. అరుగు వెనక నిలబడి చూస్తున్న మా ఆవిడ, "ఇద్దరు మొగోళ్లు, ఒక చెంబు" అని లోపలికి వెళ్లిపోయింది. అడుగును బండకేసి రుద్ది పాతగా చేశాం. సారు తెల్లరంగు తెచ్చి, అసలుదాని మీద నంబరు గీకేసి, దీనిమీద రాశాడు. ఆ సాయంత్రమే యాదమ్మ వచ్చి తన చెంబు పట్టుకుపోయింది.

కథ అక్కడితో ముగిసిందనుకున్నాను. సారు లెక్క వేరే ఉంది.

సభ స్కూలు హాల్లో జరిగింది. ఇత్తడి సామాన్లు ఇచ్చిన దాతనని నాకూ రెండో వరసలో కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. బల్లమీద ఎర్రగుడ్డ పరిచి చెంబును పెట్టారు. సారు లేచి వ్యాసం చదవడం మొదలుపెట్టి, మొదటి పేజీ నడుమ ఆగాడు. కాగితాలు పక్కన పెట్టాడు.

"అయ్యా, ఈ వ్యాసం తప్పు" అన్నాడు. "మనుషులు చేసే వస్తువులు వాటంతటవే మారవు. ఒకావిడ తన గచ్చు మీద చెంబు నిలవాలని ఒక్క దెబ్బతో దాన్ని మార్చుకుంది. అందుకు నూటయాభై ఏళ్లు పట్టిందని నేను లెక్కగట్టాను. ఆ చెంబు ఆవిడకిచ్చేశాను. మీ ముందున్నది నేను వారం కింద రోకలితో కొట్టింది. కావాలంటే చూడండి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాఫీసరు మాత్రం చిరునవ్వు చెరగనివ్వలేదు. చెంబును ముగ్గురు పండితుల ముందుకు జరిపాడు. ఒకాయన భూతద్దం పెట్టి చూశాడు. ఒకాయన గోటితో మీటి విన్నాడు. మూడో ఆయన వాసన చూశాడు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుని, అడుగున ఉన్న గీతలను బట్టి ఇది కనీసం నాలుగు తరాలు నేలమీద నిలబడిన చెంబేనని, ఇంతటి సహజమైన అరుగుదల రోకలితో సాధ్యం కాదని తేల్చారు. జనం చప్పట్లు కొట్టారు.

"నేనే కొట్టానండీ" అన్నాడు సారు.

"ఎక్కడ?" అన్నాడు పెద్దాఫీసరు.

"ఒకరి పెరట్లో."

"చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

సారు తల వంచుకుని బల్లమీది ఎర్రగుడ్డను చూస్తూ నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. చూస్తే లేచేవాణ్నేమో. నాకు సర్కారు నంబరు, మార్చిన చెంబు, దుకాణం లైసెన్సు, మా ఆవిడ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. చేతిలోని కప్పును సాసరులో పెట్టాను. గట్టిగా చప్పుడైంది. అందరూ నా వైపు తిరిగారు. పెద్దాఫీసరు కూడా, ఏమిటన్నట్టు కనుబొమలెత్తాడు.

నేను కప్పు మళ్లీ ఎత్తుకుని చాయ్ తాగాను.

"మావాడికి పని ఒత్తిడి ఎక్కువైంది" అన్నాడు పెద్దాఫీసరు అందరితో. వ్యాసంలో మిగిలింది ఆయనే చదివాడు. తర్వాత అది అచ్చయింది, రంగుల బొమ్మతో, ఒక్క పేరుతో. సారుకు ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఎక్కడో అడవి అంచున, తవ్వడానికి ఏమీ లేని చోట ఉన్న ఆఫీసుకు బదిలీ చేశారు.

వెళ్లేముందు రోజు సారు దుకాణానికి వచ్చాడు. సభ గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "ఆ చెంబును ఒక్కసారి చూసి పోతాను, పటేల్‌గూడ దాకా వస్తారా?" అన్నాడు. వెళ్లాం.

యాదమ్మ గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. గోడవారన అత్త కూర్చుని ఉంది. మాకు చాప వేశారు. ముసలావిడ అన్నం తింటోందట, కానీ చెంబు ఒళ్లో పెట్టుకుని రోజూ సణుగుతోందట.

"నా చెంబు గుండ్రంగ, నిమ్మపండు లెక్క ఉండె" అంది ఆమె మాతో. "ఇది కూసున్న కప్ప లెక్కుంది. మా అమ్మ ఇచ్చింది గిట్లనా?"

"ఇవ్వమ్మా, నేను సరిచేస్తాను" అన్నాడు సారు.

నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. "సారు, అసలైంది గదొక్కటే. అది గూడ పోతే మీ మాటకు రుజువేముంటది?"

"రుజువు ఉన్ననాడు ఎవరికీ కనపడలేదు కదండీ" అన్నాడు. నన్ను ఉద్దేశించి అన్నది కాదు. అది నాకు తెలుసు.

ఇంట్లో చివర గుండ్రంగా ఉన్న ఇనుప కడ్డీ ఒకటి దొరికింది. కింద ఇసుక సంచి వేసుకుని, సారు గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కడ్డీని చెంబు మెడలోంచి దించి, లోపలి నుంచి మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలకోసారి ఎత్తి అడుగు చూసేవాడు. అంతగా వెతికి సంపాదించుకున్నదాన్ని ఆయన చేత్తో ఆయనే చెరిపేస్తుంటే నేను చూడలేక తలుపు వైపు తిరిగాను. చివరికి అడుగు గుండ్రంగా తేలింది. ముసలావిడ దాన్ని అరచేత్తో తడిమి, బోసినోటితో నవ్వింది.

"మల్ల దొర్లుతది సారు!" అంది యాదమ్మ.

ముసలావిడ పాత చీరముక్క ఒకటి తీసి, మెలిపెట్టి చుట్టగా చుట్టి గచ్చు మీద పెట్టింది. దానిమీద చెంబు పెట్టింది. కదలకుండా నిలబడింది. సారు ఆ చుట్టను వంగి చూశాడు, చెయ్యి జేబులోని పుస్తకం మీదికి పోయింది, మళ్లీ వెనక్కి వచ్చేసింది.

యాదమ్మ కుండలోంచి నీళ్లు ముంచి ఆ చెంబులో పోసి సారుకిచ్చింది. ఆయన దాన్ని తలకిందులు చేయలేదు. ఎత్తి సగం తాగాడు. మూతి తుడుచుకుని నా వైపు చాపాడు.

"తాగండి శెట్టిగారూ. ఎండన పడి వచ్చారు."

రెండు చేతులతో అందుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆఖరి చుక్క దాకా తాగి, చెంబును మళ్లీ ఆ చుట్ట మీదే పెట్టాను.